పాత చట్రము – కొత్త చక్రము

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పల్లెలలో ఏ పాత యింటి వసారాలోనికి తొంగిచూచినను, మిరపకాయల గోనెల వెనుకనో, ప్రత్తి బోరెముల మాటుననో, గోడకు చేరగిలబడి దుమ్ము కప్పుకొనిన నల్లని సైకిలొకటి తఱచుగా కనబడును. టైర్లు ఎండి బీటలు వారియుండును. తోలు సీటు ముడుచుకొనిపోయి యుండును. అయినను చట్రమును గోటితో మీటినచో ఖంగున మ్రోగును. మా తండ్రిగారు తమ యౌవనమున కొనిన సైకిలు అట్టి స్థితిలో నుండగా, పాత యినుము కొను వర్తకుడొకడు త్రాసుతో మా వాకిట నిలిచి దానిని తూచి వెలకట్టబోయిన దినమున, ఈ వస్తువు తూనికకు లొంగునదియేనా యను ప్రశ్న నాకు తొలిసారిగా కలిగినది. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేను తెలిసికొనిన చరిత్రయే ఈ వ్యాసము.

సైకిలు కథకు ముందు నేల కథ చెప్పవలెను. గుంటూరు మొదలుకొని పర్చూరు, మార్టూరు, అద్దంకి సీమల దనుక పఱచుకొనిన నల్లరేగడి, ఎండకాలమున మనిషి కాలు దూరునంతటి నెఱ్ఱెలు విచ్చి, తొలకరి పడగానే జిగట బంకయై, అడుగు మోపినవానిని కదలనీయని నేల. తేమను తన గర్భమున చాలకాలము నిలుపుకొను ఈ గుణమువలననే అది ప్రత్తికి పుట్టినిల్లయినది. ఆంగ్లేయులు దానికి పెట్టిన పేరే నల్ల ప్రత్తినేల. కాని పంటకు తల్లియైన ఆ నేలయే బాటకు శత్రువు. ఒంగోలు గిత్తలు, ఇనుప పట్టా తొడిగిన కొయ్యచక్రముల బండ్లు, వానకాలమున కాలినడక, ఇవియే అచటివారికి ఆధారములు. 1855 నాటికి బెజవాడ యొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలపై పడవలు నడచినవి. తరువాత రైలు వచ్చినది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినది. అయినను పొలమునుండి రేవునకును, ఊరినుండి రైలు స్టేషనునకును నడుమనుండు నాలుగైదు కోసుల దూరము మాత్రము ఎద్దు నడకకే కట్టుబడి యుండెను. గుఱ్ఱమును పోషింపజాలిన కొద్దిమందికి తప్ప, ఒంటరి మనిషి తన బలముతోనే బండికన్న వేగముగా పోగల సాధనము సైకిలు వచ్చువఱకు ఈ సీమకు లేదు.

ఆ సాధనము ఒక్కనాడు పుట్టినది కాదు. 1817లో జర్మనీలోని మన్‌హైమ్ నగరమున కార్ల్ డ్రైస్ అనునతడు, పెడళ్ళు లేక, కాళ్ళతో నేలను తన్నుచు సాగు రెండు చక్రముల కొయ్య వాహనమును నడిపెను. 1860 దశకమున పారిసు పనివారు ముందు చక్రమునకు పెడళ్ళు తగిలించిరి. 1885లో, అనగా గుంటూరున ఆంధ్ర క్రైస్తవ కళాశాల వెలసిన సంవత్సరముననే, ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రములు ఇంచుమించు సమానములై, చైను లాగుటచే వెనుక చక్రము తిరుగు 'రోవరు' సైకిలును వెలువరించెను. మూడేండ్లకు, 1888లో, బెల్‌ఫాస్టు నగరమునందలి పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల బండికి గాలి నింపిన రబ్బరు టైరును అమర్చెను. స్టార్లీ చక్రములకు డన్‌లప్ గాలి తోడై, కొలదికాలముననే నాలుగు పలకల చట్రము స్థిరపడిన పిమ్మట, సైకిలు రూపము మఱి పెద్దగా మాఱలేదు. మాఱినవెల్ల ఆ చట్రమునకు తగిలించు అంగములే. చట్రము నిలుచుట, అంగములు మాఱుట యను ధర్మము సైకిలునకు జన్మతోనే అబ్బినదని దీనినిబట్టి గ్రహింపవలెను.

మన సీమకు చేరిన సైకిళ్ళు విశేషముగా ఆంగ్లదేశపు పెద్ద సైకిళ్ళు. నాటింగ్‌హాము నుండి రాలీ, బర్మింగ్‌హాము నుండి హెర్క్యులిస్, ఫిలిప్స్, తుపాకుల తయారీతో పేరుకెక్కిన బి.ఎస్.ఏ., ఇవన్నియు ఓడలలో మదరాసు రేవున దిగి, రైలుపై మన పట్టణముల దుకాణములకు వచ్చెడివి. ఇరువదియెనిమిది అంగుళముల చక్రము, అంగుళమున్నర వెడల్పు టైరు, తీగెలకు బదులు ఇనుప కమ్ములతో లాగబడు బ్రేకులు, తోలు సీటు, నిటారుగా కూర్చుండుటకు వీలైన హ్యాండిలు, ఇవి వాని లక్షణములు. బరువైన వస్తువే, కాని గోతుల బాటపై ఆ పెద్ద చక్రము పొర్లిపోవు తీరును, ఆ వాలు ఫోర్కు కుదుపును మ్రింగు తీరును చూచినవారికి అది రేగడి బాటల కొఱకే చేయబడినదా యనిపించును. వైద్యుడు, ఉపాధ్యాయుడు, తపాలా బంట్రోతు, ధాన్యపు కొట్ల గుమాస్తా, వీరు తొలి తరము సైకిలు వారు. వరకట్నములో సైకిలు గడియారముతో సమానముగా పేర్కొనబడిన కాలమది. రాజకీయ జీవితమునకు సైకిలు నిరాడంబరతా చిహ్నమైన విధమును పొరుగున నున్న నెల్లూరు జిల్లాలో జన్మించిన పుచ్చలపల్లి సుందరయ్యగారు తమ నడవడిచే లోకమునకు చూపిరి. 1952లో రాజ్యసభకు ఎన్నికై ఢిల్లీకి పోయిన ఆయన పార్లమెంటునకు సైకిలుపై వెళ్ళుట తెలుగువారందఱును గర్వముతో చెప్పుకొను విషయము.

స్వాతంత్ర్యానంతరము సైకిలు స్వదేశి వస్తువైనది. 1949లో మదరాసున టి.ఐ. సైకిల్స్ సంస్థ ఏర్పడి, మొదట హెర్క్యులిస్, తరువాత ఫిలిప్స్, బి.ఎస్.ఏ. పేర్లతోనే ఇచట సైకిళ్ళు చేయసాగెను. 1951లో సోనీపతులో అట్లాసు, 1956లో లుధియానాలో హీరో వెలసినవి. వెల దిగివచ్చినకొలది సైకిలు దొరల వాకిలి విడిచి కూలివాని గుమ్మము చేరినది. చీరాల, వేటపాలెముల నేతబట్టల మూటలు, బాపట్ల తీరపు చేపల గంపలు, పాల క్యానులు, గోలీసోడా పెట్టెలు, పుల్ల ఐసు డబ్బాలు, కల్లు కుండలు, ఇవన్నియు ఆ నల్లని చట్రముపైననే ఊరూర తిరిగినవి. మిరపకోతల కాలమున, ప్రత్తి తీతల కాలమున, తెల్లవాఱకముందే సద్దిమూటను హ్యాండిలునకు తగిలించుకొని కూలికి పోవు జనము బాటల వెంట బారులు తీరెడివారు. సొంత సైకిలు లేనివారికి గంటకింతయని అద్దెకిచ్చు దుకాణములుండెను. పదేండ్ల బాలుడు కడ్డీపై కాలు వేయజాలక, చట్రము నడిమి త్రికోణములో కాలు దూర్చి, ఒడలు వంకరగా వంచి, ఆ అద్దె గంట తీఱులోపల తొక్కుట నేర్చికొనెడివాడు. పట్టణములలో పురపాలక సంఘములు సైకిలుపై పన్ను గైకొని గుర్తుగా బిళ్ళ ఇచ్చెడివి. రాత్రివేళ దీపము లేక పోవువానిని, వెనుక మఱియొకని నెక్కించుకొనువానిని పోలీసులు ఆపి జరిమానా వేసెడివారు. పన్ను, బిళ్ళ, జరిమానా, ఈ మూడును ఒక వస్తువునకు కలిగినవనగా అది జనజీవితమున ఎంత లోతుగా వేరూనినదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంత సేవ చేసిన సైకిలు ఈ సీమలో ముప్పది, నలుబది యేండ్లు నిలిచినదన్నచో ఆ ఘనత కర్మాగారమునకు ఎంత చెందునో, వీధి మూలనున్న సైకిలు షాపునకును అంత చెందును. ఈ నేల సైకిలునకు రెండు పరీక్షలు పెట్టును. మొదటిది పల్లేరు కాయ. ఏ మూల వ్రాలినను ముల్లు పైకే నిలుచునట్లు ప్రకృతి దానిని చెక్కినది. నల్లతుమ్మ ముల్లును, తరువాత వచ్చిన సర్కారు తుమ్మ ముల్లును దానికి తోడు. రెండవది వానకాలపు రేగడి మన్ను. అది మడ్గార్డునకు చక్రమునకు నడుమ గట్టిగా కూరుకొనిపోగా, చక్రము తిరుగక, మనిషిని మోయవలసిన సైకిలు మనిషి భుజమునెక్కును. అందువలన ఇచటి మేస్త్రి ముందు నిలిచిన పని ఎన్నడును తక్కువ కాదు. నీళ్ళ తొట్టిలో ట్యూబును ముంచి బుడగలు వచ్చు చోటు కనిపెట్టుట, గరుకు కాగితముతో రుద్ది సొల్యూషను పూసి అతుకు వేయుట, వంగిన రిమ్మును తలక్రిందులుగా నిలిపిన సైకిలుపైననే త్రిప్పుచు, ఒక్కొక్క స్పోకును బిగించి, సడలించి, సరిచేయుట, ఇవి ఆతని నిత్యకృత్యములు. ఏటికొకసారి సైకిలునంతయు విప్పి, గుండ్లను కిరసనాయిలులో కడిగి, గ్రీజు పెట్టి, తిరిగి కూర్చుటను మా సీమవారు 'ఓవరాయిలింగు' అందురు. 'ఓవర్‌హాలింగ్' అను ఆంగ్లపదము మన నోట మాఱినదే కాని, నూనెయే ప్రాణమని ఎఱిగిన రైతు నోట అది సార్థకముగనే మాఱినది. బండి ఇరుసునకు కందెన పెట్టిన చేతులకు ఆ మాటయందలి భావము పరిచితమే గదా. పెడలు కమ్మిని ఇరుసునకు పట్టియుంచు కాటరు పిన్నును చూచినప్పుడును నాకు బండి చీలయే స్ఫురించును. చీల ఊడిన బండి ఎంత దూరము పోవునో, పిన్ను అరిగిన సైకిలును అంతియే దూరము పోవును.

ఈ షాపులలో జరిగినదేమి? ఆంగ్లదేశపు చట్రమునకు లుధియానా చైను పడినది; బర్మింగ్‌హాము హబ్బు పోయి మదరాసు హబ్బు వచ్చినది; కిరసనాయిలు దీపము పోయి డైనమో వచ్చినది. ఏ ఒక్క దినమునను సైకిలు కొత్తది కాలేదు. ఏ ఒక్క దినమునను పాతదిగను మిగిలిపోలేదు. పాత సైకిలునకు నూతనాంగములు కూర్చు విద్య మనకు నేడు పడమటినుండి దిగుమతియైన వేడుక యని తలచువారు ఈ షాపుల చరిత్ర తెలియనివారు.

పడమటను ఆ విద్యయే ఒక కొత్త వాహనమునకు జన్మనిచ్చినది. అమెరికాలో షికాగో నగరపు ష్విన్ సంస్థ 1933లో బొద్దుగా గాలి నిండు లావు టైర్ల సైకిళ్ళను బాలుర కొఱకు విడుదల చేసెను. నలువది యేండ్లు గడచిన పిమ్మట కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ యువకులు ఆ కాలపు ష్విన్ చట్రములను పాత సామానుల గుట్టలనుండి వెదకి తెచ్చి, తమాల్పాయిస్ కొండ బాటలపై దింపసాగిరి. వెనుక హబ్బులోపలనే యుండు పాత బ్రేకు ఆ వాలున కాగిపోయి గ్రీజంతయు పొగయై పోగా, ప్రతి పరుగు తరువాతను మరల గ్రీజు నింపవలసి వచ్చెడిది; ఆ పనిని బట్టియే ఆ ప్రాంతపు బాట యొకదానికి 'రీప్యాక్' అను పేరు వచ్చినది. 1976 అక్టోబరు 21న అచట తొలి పోటీ జరిగినది. ఆ యువకులలో గ్యారీ ఫిషర్ పాత చట్రమునకు గేర్లను, గట్టి బ్రేకులను అమర్చెను. జో బ్రీజ్ 1977లో ఆ పని కొఱకే కొత్త చట్రములను కట్టనారంభించెను. 1979లో ఫిషరు, చార్లీ కెల్లీ కలిసి 'మౌంటెన్‌బైక్స్' అను సంస్థను నెలకొల్పిరి. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ 'స్టంప్‌జంపర్' పేర అట్టి సైకిలును పెద్దయెత్తున అమ్మకమునకు తెచ్చెను. 1996 అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో పర్వత సైకిలు పందెము చేరినది. లోకమంతట వ్యాపించిన పర్వత సైకిలునకు మూలపురుషుడు ఒక పాత చట్రము, దానికి తగిలించిన కొత్త అంగములు. మారిన్ యువకుని చేతిలోని స్పానరునకును, మన చిలకలూరిపేట మేస్త్రి చేతిలోని స్పానరునకును జాతిభేదము లేదు.

ఆ పర్వత సైకిలు కొండలు లేని మన మైదానమునకును వచ్చినది. 1967లో నాగార్జునసాగరు నీరు విడుదలయై, ఆ తరువాతి దశకమున సంకరజాతి ప్రత్తి విత్తనములు ప్రవేశించిన పిమ్మట, పల్లెలలో రొక్కము కనబడసాగెను. 1980లో వచ్చిన టి.వి.ఎస్. 50 మోపెడు పెద్దల సైకిలును వసారాకు నెట్టినది. 1990ల నాటి బాలురు తండ్రుల నల్ల సైకిలును కాదని లావు టైర్ల హీరో రేంజరును, హెర్క్యులిస్ ఎం.టి.బి.ని కోరిరి. గేర్లు ఉన్నను లేకున్నను, ఆ లావు టైరు రేగడి గోతులపై హాయిగా పోయెడిది. నేడు అవియును పాతబడినవి. తండ్రి సైకిలు ప్రక్కననే కొడుకు సైకిలును దుమ్ము పట్టియున్నది. రెండింటికిని ఉన్నది ఉక్కు చట్రమే గనుక, రెండింటికిని పునర్జన్మ సాధ్యమే.

మా తండ్రిగారి సైకిలు రాలీ. ముందు గొట్టముపై కొంగతల ముద్ర నేటికిని చెక్కుచెదరలేదు. దానిని త్రాసునుండి తప్పించి మా ఊరి మేస్త్రి యొద్దకు కొనిపోయినప్పుడు, ఆయన ముందుగా చేసిన పని చట్రమును తట్టి చూచుట. తరువాత దారము పట్టి తలగొట్టము నుండి వెనుక కాళ్ళ వఱకు రెండు ప్రక్కల కొలిచి, వంకర లేదని తేల్చుట. చట్రము నిలువుగా ఉన్నంతవఱకు సైకిలు చనిపోలేదని ఆయన సిద్ధాంతము. అక్కడినుండి కొలతల పరీక్ష మొదలైనది. పాత రిమ్మున టైరు కూర్చుండు చోటు వ్యాసము 635 మిల్లీమీటర్లు. నేటి పెద్ద చక్రమునకు 622. పర్వత సైకిలు ఇరువదియాఱంగుళముల చక్రమునకు 559. చిన్న చక్రము వేసినచో సైకిలు క్రుంగి పెడలు నేలకు మఱింత చేరువగును. 622 వేసినచో దిగునది ఆఱున్నర మిల్లీమీటర్లే. ఆంగ్ల పద్ధతి ననుసరించి పాత ముందు చక్రమునకు 32 స్పోకులు, వెనుక చక్రమునకు 40. మాకు దొరికిన కొత్త రిమ్ములకు 36 రంధ్రములు. కావున రిమ్మును మాత్రము మార్చెదనన్నచో కుదరదు. హబ్బును, రిమ్మును జంటగా మార్పవలెను. నేటి పర్వత సైకిలు వెనుక హబ్బు వెడల్పు 135 మిల్లీమీటర్లు, లేదా అంతకు మించి. పాత చట్రపు వెనుక కాళ్ళ నడిమి యెడము అంతకు చాల తక్కువ. ఉక్కు కొంత సాగును గాని దానిని హింసింపరాదు.

కమ్మి బ్రేకు విషయము మఱియు సూక్ష్మము. ఆ బ్రేకు పాత రిమ్ము లోపలి అంచును పట్టును. కొత్త రిమ్మునకు ఆ అంచే లేదు. అందుచేత హబ్బులోపలనే బ్రేకు గల చక్రములను ఎన్నుకొంటిమి. ఇరువదవ శతాబ్ది ఆరంభమున నాటింగ్‌హామున రాలీవారి నీడలో పుట్టిన స్టర్మీ-ఆర్చర్ పేరు, 2000లో తైవాను సంస్థ చేతికి పోయి, ఇప్పటికిని మూడు వేగముల హబ్బులపై వెలువడుచున్నది. ఆ హబ్బే వెనుక చక్రమున చేరినది. మైదానమున గేర్లెందులకని అడుగవచ్చును. సముద్రమునుండి సాయంకాలము వీచు ఎదురుగాలి ఎఱిగినవాడు ఆ ప్రశ్న అడుగడు. కొండ యెక్కుట ఒక గడియ శ్రమయైనచో, ఎదురుగాలి ఊరు చేరువఱకు శ్రమయే. పల్లేరును ఎదుర్కొనుటకు లోపల గట్టి పొర గల టైర్లు వేసితిమి. దీపము నేటి విద్యుద్దీపము.

ఇక మార్పనివి. కాటరు పిన్నులు తీసి, మూతవేసిన బేరింగుల కొత్త ఇరుసు వేయవలెనని నాకు కోరిక యుండెను. కాని రాలీవారి మరచుట్లు అంగుళమునకు 26. తక్కిన ఆంగ్ల సైకిళ్ళవి, నేటి కొత్త ఇరుసులవి 24. కొత్తదానిని బలవంతముగా దూర్చినచో చట్రపు మరలు చెడును. మేస్త్రి వలదనెను, నేను వినిన మంచి మాటలలో అది యొకటి. పాత ఇరుసుననే కొత్త గుండ్లు, కొత్త పిన్నులు వేసి ఊరకుంటిమి. చట్రమునకు రంధ్రము వేయలేదు, అతుకు పెట్టలేదు, రంగు గీకలేదు. హబ్బు బ్రేకు చేతిని ఫోర్కునకు పట్టీతో బిగించితిమి. తీసిన కమ్ములు, రిమ్ములు, హబ్బులు నూనె పూసి, గుడ్డలో చుట్టి అటకపై నున్నవి. రేపు ఎవరైనను కోరినచో ఒక పూటలో సైకిలును పూర్వస్థితికి తేవచ్చును.

ఇన్ని మార్చిన పిమ్మట ఇది మా తండ్రిగారి సైకిలేనా యని బంధువొకరు అడిగిరి. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. బౌద్ధవాఙ్మయమున మిళింద మహారాజును నాగసేనుడు ఇట్టి ప్రశ్ననే అడిగినట్లు మిళిందపన్హ చెప్పుచున్నది. నొగ రథమా, ఇరుసు రథమా, చక్రములు రథమా యని అడిగి, వేనిలోను రథము లేదనియు, అన్నిటి కూర్పునకు వాడుకలో పెట్టిన పేరే రథమనియు తేల్చెను. భట్టిప్రోలు, అమరావతి స్తూపములు వెలసిన ఈ గడ్డకు ఆ వాదము పరాయిది కాదు. అమరావతి స్తూపమునకు చెందిన ఒక శిలాఫలకము బ్రిటిషు మ్యూజియమున నున్నది. దాని ఒక ముఖమున క్రీస్తునకు పూర్వపు శిల్పము, రెండవ ముఖమున క్రీ.శ. మూడవ శతాబ్దిలో చెక్కిన శిల్పము కలవు. స్తూపమును పెంచి అలంకరించిన తరువాతి తరమువారు పాత ఱాతిని పగులగొట్టి పాఱవేయలేదు. వెనుకకు త్రిప్పి కొత్త శిల్పము చెక్కిరి. అందువలననే నేడు రెండు కాలముల శిల్పులును మనకు దక్కిరి. పాతదానిని చెఱుపక కొత్తదానిని నిలుపుట మన సీమ పూర్వులకు తెలిసిన మర్యాద.

కావున నా తీర్పు ఇది: అరిగిన అంగమును మార్చుట ధర్మము, అరగనిదానిని వేడుక కొఱకు మార్చుట దుబారా, తిరిగి పూర్వస్థితికి రానీయని మార్పు చేయుట అపచారము. ఈ మూడు తెలిసినవాడు మేస్త్రి. తెలియనివాడు కేవలము అంగములమ్మువాడు. అద్దె సైకిళ్ళు పోయినవి, పన్ను బిళ్ళలు పోయినవి. ఆ మేస్త్రులును ఒక్కరొక్కరుగా తగ్గిపోవుచున్నారు. రిమ్మును వ్రేలితో త్రిప్పి వంకర కనిపెట్టు విద్య ఏ పుస్తకమునను లేదు. అది పోయిన నాడు చట్రము మిగిలినను ప్రయోజనము లేదు.

చదువరులారా, మీ యింటి వసారాలోని సైకిలును త్రాసున పెట్టుటకు ముందు ఒక్కసారి గోటితో మీటి చూడుడు. మ్రోగినచో దానిని మీ ఊరి మేస్త్రి యొద్దకు నడిపించుకొని పోయి, అడిగిన కూలి బేరమాడక యిచ్చి, ఆ పని నేర్చుకొనుటకు మీ యింటి కుఱ్ఱవానిని ఆ పూట అచటనే కూర్చుండబెట్టుడు.